‘ఇసుక ద్రవం, సీసా ఖాళీ’ అంటున్న పిల్లలకు ఘన, ద్రవ, వాయు స్థితులు ఎలా చెప్పాలి?

పల్లెబడి టీచర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రెండు, మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నాయి, మొత్తం 22 మంది. ల్యాబ్ లేదు. బకెట్లు, స్టీలు గ్లాసులు, కరెంటు కెటిల్, మధ్యాహ్న భోజనం వండే వంటగది ఉన్నాయి. ఘన, ద్రవ, వాయు పదార్థాల పాఠం వచ్చే వారం మొదలవుతుంది.

‘గట్టిగా ఉండేది ఘనం, పారేది ద్రవం, కంటికి కనబడనిది వాయువు’ అని బోర్డు మీద రాస్తే పిల్లలు చక్కగా అప్పజెబుతారు. కానీ ఎదురుగా వస్తువు పెట్టి అడిగితే ఇసుక ద్రవం (పోస్తే పడుతుంది కాబట్టి), దూది ఘనం కాదు (మెత్తగా ఉంది కాబట్టి), తేనె ఘనం, సీసాలో ఏమీ లేదు అంటున్నారు. వాయువు దగ్గరికి వచ్చేసరికి అసలు మాట్లాడరు.

ఏ వరుసలో చెప్పాలి, ఎన్ని పీరియడ్లు పెట్టాలి, మంట లేకుండా ఏమేం చేయించవచ్చు? చేసి చూసినవాళ్లు కొలతలతో సహా చెబితే చాలా సాయం చేసినవారవుతారు.

సైన్స్ మాస్టారు:

టీచర్ గారూ, పిల్లలు మీరిచ్చిన మూడు వాక్యాలను సరిగ్గానే వాడుతున్నారు. పారేది ద్రవమైతే ఇసుక ద్రవమే మరి. వాక్యాలనే మార్చాలి. ఈ వయసులో నిర్వచనం బదులు చేతికి పరీక్ష ఇవ్వండి. పళ్లెంలో పెట్టి ముట్టుకోకుండా వదిలేస్తే ఆకారం అలాగే ఉందా? గ్లాసును పక్కకు వంచినా పైమట్టం సమంగానే నిలబడిందా? మూత తీస్తే పాత్ర దాటి గదంతా పాకిందా? ఈ మూడు ప్రశ్నలకు వాళ్లే చేసి జవాబు చెప్పాలి. పేర్లు ఆ తర్వాత.

ఇసుక సంగతికి ఒక పూర్తి పీరియడ్ ఇవ్వండి, దండగ కాదు. ఆరు గ్లాసులు వరుసగా పెట్టి మొదటి దానిలో చింతగింజలు, తర్వాత శనగలు, బియ్యం, ఇడ్లీ రవ్వ, ఉప్పు, చివర మైదా సగం సగం పోయండి. మొదటి గ్లాసు చూపించి ‘ఒక్కో గింజ ఘనమేనా?’ అంటే అందరూ అవునంటారు. ఒక్కో గ్లాసునూ పళ్లెంలోకి వంపుతూ ‘ఇక్కడ ద్రవమైపోయిందా?’ అని అడుగుతూ వెళ్లండి. రవ్వ దగ్గర తరగతి రెండు జట్లుగా చీలిపోతుంది. తీర్పు చెప్పకుండా వాదించుకోనివ్వండి. ఆ తర్వాత ఇసుక, నీళ్లు పక్కపక్కన పోయించండి. ఇసుక కుప్పగా నిలబడుతుంది, నీళ్లు పరుచుకుంటాయి. సగం ఇసుక ఉన్న గ్లాసును మెల్లగా వంచితే ఇసుక కొంతసేపు గ్లాసుతోపాటే ఏటవాలుగా వంగి, తర్వాత ఒక్కసారి జారుతుంది. నీళ్ల పైమట్టం మాత్రం గ్లాసు ఎంత వంగినా నేలకు సమాంతరంగానే ఉంటుంది. చివర్లో భూతద్దంతో ఇసుక రేణువు చూపిస్తే విషయం వాళ్లకే తేలుతుంది. ఇసుక, రవ్వ ఆరబెట్టినవై ఉండాలి. తడి ఉంటే ముద్దకట్టి జారవు, పాఠం తారుమారవుతుంది.

తేనెకు పందెం పెట్టండి. స్టీలు పళ్లెం అంచు మీద నీళ్లు, కొబ్బరి నూనె, ఆముదం, తేనె ఒక్కో టీస్పూను వేసి పళ్లెం ఏటవాలుగా నిలబెట్టండి. నాలుగూ కిందికి చేరతాయి, ఆలస్యం అవుతుందంతే. అదే అంచు మీద సబ్బు ముక్క అంటిస్తే అది పారదు. దూదికి, స్పాంజికి ప్రశ్న మార్చి ‘మనం నొక్కకపోతే ఆకారం దానంతటదే మారుతుందా?’ అని అడగాలి. స్పాంజిని నీళ్లలో ముంచి నొక్కించండి. బుడగలు పైకొస్తాయి. నొక్కినప్పుడు తగ్గింది స్పాంజి మధ్యలో ఉన్న గాలి అని అక్కడే చెప్పవచ్చు, తర్వాతి పాఠానికి అది పునాది.

ఒక జాగ్రత్త. మొదటి వారం పెరుగు, టూత్‌పేస్టు, జెల్లీ, ఐస్‌క్రీం, చపాతీ పిండి బల్ల మీదకు రానీయవద్దు. పెద్దవాళ్లకే అవి తేలికగా తేలవు. పిల్లలు అడిగితే చీటీ మీద రాసి ‘తర్వాత చూద్దాం’ డబ్బాలో వేయించండి. తప్పించుకున్నట్టు ఉండకూడదు, నిజంగానే చివరి పీరియడ్‌లో ఆ డబ్బా తెరవాలి.

ఇంకొకటి. ‘ద్రవానికి నిర్దిష్ట ఘనపరిమాణం ఉంటుంది’ అన్న వాక్యం రెండో తరగతికి అప్పుడే వద్దు. వెడల్పు గిన్నెలోని 200 మి.లీ. నీళ్లు సన్నని పొడవు గ్లాసులో పోస్తే ‘ఎక్కువయ్యాయి’ అంటారు. ఏడేళ్ల లోపు పిల్లల్లో ఇది సహజమని స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే చూపించారు. గ్లాసు నుంచి గిన్నెలోకి, మళ్లీ గ్లాసులోకి వాళ్ల చేతులతోనే పోయించండి, వాదన పెట్టకండి.

చిట్టి ప్రయోగాలు:

మాస్టారు గారి వరుస బాగుంది. నేను వాయువు గురించే రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది దాన్ని చివరి పది నిమిషాల్లో ముగించేస్తారు. నిజానికి మొత్తం ఎనిమిది పీరియడ్లలో మూడు దీనికే కావాలి. ఘనం, ద్రవం పిల్లలకు చేతికి తెలుసు. గాలి ఒక వస్తువే అన్న సంగతి మాత్రం వాళ్లకు కొత్త.

మొదట బోర్లించిన గ్లాసు. సగం న్యూస్‌పేపర్‌ను నలిపి గ్లాసు అడుగున బిగుతుగా కుక్కండి. నిండు బకెట్‌లో గ్లాసును నిటారుగా బోర్లించి అడుగు వరకు ముంచి, అలాగే నిటారుగా పైకి తీయండి. కాగితం పొడిగా ఉంటుంది. ఇది చెడిపోయేది మూడు చోట్ల. కాగితం వదులుగా ఉంటే జారి నీళ్లలో పడుతుంది. గ్లాసు కొంచెం వాలినా బుడగ పోయి నీళ్లు ఎక్కుతాయి. మూడోది చాలామందికి తట్టదు: పైకి తీశాక గ్లాసు తిప్పితే అంచు మీది చుక్కలు లోపలికి జారి కాగితాన్ని తడుపుతాయి, పిల్లలు ‘తడిసిందిగా!’ అంటారు. తిప్పే ముందే అంచు గుడ్డతో తుడవాలి. లోతుగా ముంచినప్పుడు నీళ్లు గ్లాసులోకి కొద్దిగా ఎక్కుతాయి కూడా. అందుకే కాగితం పైమూడోవంతులోనే ఉండాలి. అన్నీ కుదిరాక గ్లాసును కావాలనే వంచి బుడగ బయటికి పంపండి, ‘ఇంతసేపూ లోపల చోటు ఆక్రమించింది ఇదే’ అనండి.

తర్వాత సూది లేని సిరంజి. 10 లేదా 20 మి.లీ.ది, మెడికల్ షాపులో దొరికే కొత్తది మాత్రమే. ముందుగా గాలి నింపి మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కమనండి. సగం దాకా పోయి, వదిలేస్తే వెనక్కి వస్తుంది. అదే సిరంజిలో నీళ్లు నింపి మూతి మూసి నొక్కితే కదలదు. నీళ్లు నింపేటప్పుడు లోపల బుడగ మిగిలితే నీళ్లు కూడా నొక్కుకుపోతున్నట్టు కనబడుతుంది. మూతి పైకి పెట్టి బుడగ బయటికి నెట్టాకే పిల్లల చేతికివ్వండి.

మూడోది వాసన. అగరుబత్తీ వద్దు. దాని పొగలో ఉన్నవి కాలిన పదార్థపు సన్నటి రేణువులు. పిల్లలు ‘వాయువు అంటే తెల్లటి పొగ’ అని గుర్తుపెట్టుకుంటారు, ఉబ్బసం ఉన్నవాళ్లకు దగ్గు కూడా వస్తుంది. బదులుగా నారింజ పండును ఒక మూలన వలవండి. ఫ్యాన్ ఆపి, తలుపులు దగ్గరికేసి, వాసన తగిలినవాళ్లు చెయ్యి ఎత్తాలని చెప్పండి. చేతులు ఆ మూల నుంచి ఒక్కొక్కటిగా లేస్తాయి. ఫ్యాన్ తిరుగుతుంటే ఏ వైపు ముందు లేస్తాయో చెప్పలేం.

గాలికి బరువు ఉందని చూపడానికి పుల్లకు రెండు బెలూన్లు కట్టి తూకంలా వేలాడదీయడం కూడా బాగుంటుంది.

భౌతికం:

ఆ చివరి ప్రయోగం గురించి చెప్పాలి, ఎందుకంటే చాలా పుస్తకాల్లో ఉంది, తరగతిలో మాత్రం ఎక్కువసార్లు పని చేయదు. ఒక లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. మూడు లీటర్ల బెలూన్‌లో మూడున్నర గ్రాముల గాలి ఉన్నా, ఆ బెలూన్‌ను చుట్టూ ఉన్న గాలి దాదాపు అంతే బలంతో పైకి నెడుతుంది. తూకానికి మిగిలేది లోపల కాస్త ఎక్కువగా కుక్కుకున్న గాలి బరువే, అది గ్రాములో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. పుల్ల మీద ముడి కొద్దిగా జరిగినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. సూదితో పగలగొడితే రబ్బరు ముక్క ఎగిరిపోయి దాని బరువే పోతుంది. పుల్ల వంగింది గాలి వల్లనా, రబ్బరు ముక్క వల్లనా అని ఎవరూ చెప్పలేరు.

బదులుగా ఫుట్‌బాల్ వాడండి. వంటింటి డిజిటల్ తూకం (1 గ్రాము తేడా చూపేది) చాలు. బంతి గుండ్రంగా ఉండాలి కానీ మెత్తగా ఉండాలి, చొట్టపడి ఉండకూడదు. అలా ఎందుకంటే పంపు కొట్టాక బంతి పరిమాణం పెద్దగా పెరగకూడదు. చిన్న గిన్నె మీద బంతిని నిలబెట్టి తూచండి. తీసి, గట్టిపడేదాకా పంపు కొట్టి మళ్లీ తూచండి. 5వ సైజు బంతి లోపల దాదాపు ఐదున్నర లీటర్ల చోటు ఉంటుంది, కాబట్టి దాదాపు 4 గ్రాముల పెరుగుదల కనబడాలి. వాలీబాల్‌లో ఒత్తిడి తక్కువ, తేడా ఒకటి రెండు గ్రాములే, అంత నమ్మకంగా రాదు. పంపు సూదికి రాసిన నూనె, నీళ్లు బంతికి అంటుకుంటే తుడిచి తూచాలి.

అయిదో తరగతి పిల్లలుంటే ఒక లెక్క ఇవ్వండి: 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గదిలో 108 ఘనపు మీటర్ల గాలి, అంటే 125 కిలోలకు పైనే. యాభై కిలోల బియ్యం బస్తాలు రెండున్నర! ఈ సంఖ్య విన్నాక ‘ఖాళీ గది’ అన్న మాట వాళ్లకే నచ్చదు.

వంటింటి సైన్స్:

స్థితి మార్పుల గురించి. చాలా చోట్ల మంచు–నీరు–ఆవిరి ఒక్కటే చూపిస్తారు, దాంతో మారేది నీరు ఒక్కటే అని పిల్లల్లో పడిపోతుంది. కనీసం మూడు పదార్థాలు చూపించండి: నీరు, కొబ్బరి నూనె, మైనం.

మన ఇళ్లకు కొబ్బరి నూనెను మించింది లేదు. సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే చలికాలం పొద్దున గడ్డకట్టి ఎండెక్కాక కరగడం పిల్లలు ముందే చూసి ఉంటారు. సన్నని పారదర్శక సీసాలో 50 మి.లీ. పోసి, మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి ఫ్రిజ్‌లో పెట్టండి (ఫ్రీజర్ అక్కర్లేదు). తెల్లగా గడ్డకట్టాక మట్టం గీత కంటే కొద్దిగా దిగి, మధ్యలో గుంట పడుతుంది. పిల్లల అరచేతుల్లో పెడితే కరుగుతుంది, నిప్పు అక్కర్లేదు. అచ్చమైన కొబ్బరి నూనె కావాలి. వేరే నూనెలు కలిపిన తలనూనెలు సరిగా గడ్డకట్టవు. ఏప్రిల్, మే నెలల్లో గది 35 డిగ్రీలు దాటితే తెచ్చేలోపే కరిగిపోతుంది, కాబట్టి మంచు ముక్కల మధ్య పెట్టి తేవాలి.

నీరు దీనికి తిరగబడుతుంది. ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక వరకు నీళ్లు పోసి గీత గీసి ఫ్రీజర్‌లో ఉంచితే గడ్డకట్టాక మట్టం గీత దాటుతుంది, దాదాపు 9 శాతం పెరుగుతుంది. గాజు సీసా పెట్టవద్దు, పగులుతుంది. కరిగిన నెయ్యిలో నెయ్యి గడ్డ మునుగుతుంది, నీళ్లలో మంచుగడ్డ తేలుతుంది. ఈ రెండూ పక్కపక్కన చూపించండి.

మంచుతో చేయదగ్గ మంచి పని, ఎక్కడ నెమ్మదిగా కరుగుతుందో కనిపెట్టడం. ఒకే ట్రేలోని ముక్కలు ఒకటి స్టీలు పళ్లెంలో, ఒకటి ప్లాస్టిక్ మూతలో, ఒకటి ఉన్ని గుడ్డలో చుట్టి, ఒకటి వరి ఊకలో, ఒకటి పొడిచేసి. ముందుగా ఏది తొందరగా కరుగుతుందో చేతులెత్తించి బోర్డు మీద రాయండి. ఉన్ని గుడ్డ వేడినిస్తుంది కాబట్టి అదే మొదట కరుగుతుందని చాలామంది అంటారు. చుట్టిన ముక్క ఆఖర్లో మిగిలి ఉండటం చూశాక వాళ్లడిగే ప్రశ్నలు వినాలి! ముక్కలు ఒకే సైజు కాకపోతే ఏ సంగతీ తేల్చలేం. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన మంచు తడి వేళ్లకు అంటుకుంటుంది, ఒకసారి నీళ్లలో ముంచి ఇవ్వండి.

మైనాన్ని నేరుగా మంట మీద పెట్టవద్దు. కెటిల్ వేడినీళ్లు గిన్నెలో పోసి, అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టి, తురిమిన కొవ్వొత్తి వేయండి. మైనం సుమారు 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి మరుగు అక్కర్లేదు. ముక్కలు పెద్దవైతే మాత్రం నీళ్లు చల్లారిపోయి సగమే కరుగుతాయి. గిన్నె మీ చేతిలోనే ఉండాలి, పిల్లలు ఒక మీటరు దూరంలో. అచ్చులో పోసి ఆరాక మధ్యలో పడ్డ గుంటను కొబ్బరి నూనె గుంటతో పోల్చమనండి.

పల్లెబడి టీచర్:

అందరికీ ధన్యవాదాలు. చింతగింజల నుంచి మైదా వరకు వరుస, ఫుట్‌బాల్ తప్పకుండా చేయిస్తాను. ఇంకా మూడు సందేహాలు. చల్లటి గ్లాసు బయట తడి చూపిస్తే ‘లోపలి నీళ్లు కారాయి’ అంటారు. కెటిల్ మీది తెల్లటిది ఆవిరేనా కాదా అని నాకే స్పష్టంగా లేదు. చక్కెర కరగడాన్నీ మంచు కరగడాన్నీ ఒకటే అనుకుంటున్నారు, దాన్నెలా విడదీయాలి?

సైన్స్ మాస్టారు:

చల్లటి గ్లాసుకు రంగు కలపండి. స్టీలు గ్లాసులో నీళ్లు, మంచు, కుంకుమ వేయండి. బయటి చుక్కలను తెల్ల కాగితంతో తుడిస్తే కాగితానికి ఎరుపు అంటదు. గ్లాసు బయట ముందే పొడిగా తుడిచి, కుంకుమ అంచుకు తగలకుండా చూడండి. లేకపోతే ఒక ఎర్ర మరక చాలు, మొత్తం పాడవుతుంది. దీని తోడుగా మూతపెట్టిన గ్లాసును తూకం మీద ఉంచండి. కారిపోతే బరువు పెరగదు. గాలిలోని తేమ వచ్చి అంటుకుంటే అరగంటలో గ్రామో రెండు గ్రాములో పెరుగుతుంది. కోస్తాలో ఇది వెంటనే కనబడుతుంది. తెలంగాణ లోపలి జిల్లాల్లో డిసెంబరు, జనవరి పొడి గాలికి ఆలస్యమవుతుంది, అప్పుడు మంచులో రెండు స్పూన్ల ఉప్పు వేస్తే ఇంకా చల్లబడి చుక్కలు పడతాయి. మరీ ఎక్కువ వేస్తే చుక్కల బదులు తెల్లటి పొరలా గడ్డకడుతుంది.

కెటిల్ విషయం: మూతికి ఆనుకుని ఒక వేలెడు మేర ఏమీ కనబడని ఖాళీ ఉంటుంది చూడండి, నీటి ఆవిరి అదే. ఇంకాస్త పైన తెల్లగా కనబడేది అప్పటికే చల్లబడి చిన్న చుక్కలైన నీరు, అంటే ద్రవం. ఆ చుక్కలు మళ్లీ గాలిలో ఆరిపోయాక తెలుపు మాయమవుతుంది. ఆ ‘ఖాళీ’ చోటే అన్నిటికన్నా ఎక్కువగా కాలుస్తుంది, వేలుపెట్టి చూపించవద్దు. మరుగుతున్న నీళ్లలోని పెద్ద బుడగలు కూడా గాలి కావు, నీటి ఆవిరే. వేడెక్కే మొదట్లో అంచులకు పట్టే చిన్న బుడగలు మాత్రం నీళ్లలో కరిగి ఉన్న గాలి.

సాంద్రీకరణం (ఆవిరి చల్లబడి నీరు కావడం) చూపడానికి మరుగు కూడా అక్కర్లేదు. స్టీలు గ్లాసులో మూడోవంతు వేడినీళ్లు (60, 70 డిగ్రీలు చాలు) పోసి, పైన స్టీలు మూత, మూత మీద మంచు పెట్టండి. ఐదు నిమిషాలకు మూత ఎత్తితే అడుగున చుక్కలు వేలాడతాయి. మూతపైన కరిగిన నీళ్లు అంచు నుంచి లోపలికి జారకుండా మంచును చిన్న కవరులో కట్టి పెట్టండి.

ఇక కరగడం. మంచుకూ చక్కెరకూ మనం ఒకే మాట వాడతాం కాబట్టి మీరే ఎప్పుడూ పూర్తి వాక్యం పలకండి: ‘మంచు వేడికి కరిగింది’, ‘చక్కెర నీళ్లలో కరిగింది’. పిల్లల్ని ‘ఇది జరగడానికి ఎన్ని పదార్థాలు కావాలి?’ అని అడగండి. మంచుకు, మైనానికి ఆ పదార్థం, వేడి ఉంటే చాలు. పటికబెల్లానికి నీళ్లు కూడా కావాలి, అది చన్నీళ్లలోనూ కరుగుతుంది. ఆ తర్వాత నీళ్లలో కరిగిన ఉప్పును మళ్లీ బయటికి రప్పించండి. 50 మి.లీ. నీళ్లలో రెండు టీస్పూన్ల ఉప్పు పూర్తిగా కలిసేదాకా తిప్పి, ముదురు రంగు ప్లాస్టిక్ పళ్లెంలో పల్చగా పోసి ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి తెల్లటి గళ్ల ఉప్పు మిగులుతుంది. చినగంజాం, నౌపడ ఉప్పు మడుల్లో జరిగేది ఇదే. మీది కోస్తా ఊరైతే పిల్లల ఇళ్లలోనే ఆ పని తెలిసినవాళ్లు ఉండవచ్చు, వాళ్లను పిలిపించి చెప్పిస్తే ఇంకా మంచిది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువై రెండు రోజులైనా ఆరదు, ఆరిన ఉప్పు మళ్లీ చెమ్మగిల్లుతుంది.

భౌతికం:

నాలుగు, అయిదు తరగతులకు ఎవరైనా ఇది చదువుతుంటే కణాల ఆట గురించి ఒక మాట. పిల్లల్ని కణాలుగా నిలబెట్టి ఆడించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ద్రవం దగ్గర. ఘనానికి దగ్గరగా, ద్రవానికి చేయిచాపు దూరంలో, వాయువుకు ఇంకొంచెం దూరంలో నిలబెడతారు. అది సరికాదు. ద్రవంలో కూడా కణాలు దాదాపు ఆనుకునే ఉంటాయి, చోట్లు మారతాయి అంతే. సిరంజిలో నీళ్లు నొక్కుకుపోకపోవడానికి కారణం అదే. నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,700 రెట్ల చోటు పడుతుంది, అంటే కణాల మధ్య దూరం పన్నెండు రెట్లు.

కాబట్టి ఇలా చేయించండి. 20 మందిని ఐదేసి చొప్పున నాలుగు వరుసల్లో నిలబెట్టి, ముందువారి భుజం మీద చేతులు వేయించి, ఉన్నచోటే ఊగమనండి. ఇది ఘనం. చేతులు తీయించి, భుజాలు రాసుకుంటూనే ఒకరి పక్క నుంచి ఒకరు జరగమనండి. సుద్దతో గీసిన డబ్బా గీత దాటకూడదు. ఇది ద్రవం. వాయువుకు 20 మందిని వాడకండి. నలుగురినే తీసుకుని మైదానం అంతటా, గోడ తగిలేదాకా తిన్నగా పరుగెత్తించండి. మిగిలినవాళ్లు బయట నిలబడి ‘వాళ్ల మధ్య ఏముంది?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ‘గాలి’ అంటారు. అక్కడే ఆపి, గాలిలోని కణాలు ఆ నలుగురేనని, మధ్యలో ఏమీ లేదని చెప్పాలి. మంచు కరిగితే కణాలూ కరుగుతాయనుకోవడం ఇంకో పొరపాటు. పిల్లలు ఆటలో వేగం మార్చారు తప్ప వాళ్లేమీ మారలేదు కదా అని అడిగితే అర్థమవుతుంది. రెండు, మూడు తరగతులకు ఈ ఆట అక్కర్లేదు.

స్థితి మార్పుల్లో కలపకూడనివి కొన్ని ఉన్నాయి. గుడ్డు ఉడికితే గట్టిపడుతుంది, పిల్లలు తప్పక అడుగుతారు. చల్లార్చితే తిరిగి పచ్చిగుడ్డు కాదు కాబట్టి అది వేరే రకం మార్పు అని చెబితే చాలు. దోసె కూడా అంతే. వంట సోడా, వెనిగర్ కలిపి బెలూన్ ఉబ్బించడం పిల్లలకు ఇష్టం (ఒక టీస్పూను సోడా, 80 మి.లీ. వెనిగర్‌కు లీటరు పైన వాయువు వస్తుంది), కానీ అక్కడ పుట్టింది కొత్త పదార్థం. ‘వాయువు చోటంతా నింపుతుంది’ అని చూపడానికి వాడండి, ‘ద్రవం వాయువుగా మారింది’ అని మాత్రం చెప్పవద్దు. మంట ఏ స్థితి అంటే, మంట విడిగా ఒక పదార్థం కాదు, వేడి వాయువులు మండుతుండగా వెలుగుతూ కనబడేది అనండి. నీడ, వెలుగు, శబ్దం పదార్థాలే కావు.

కొవ్వొత్తిలో మూడు స్థితులూ ఒకేచోట ఉంటాయి: కింద ఘనం, వత్తి చుట్టూ మడుగులో ద్రవం, వత్తి దగ్గర వాయువు. ఊదగానే లేచే తెల్లటి తీగకు ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో వెలిగిన అగ్గిపుల్ల పెడితే మంట తీగ వెంట దూకి వత్తిని అంటుకుంటుంది. గాలి ఆడుతుంటే తీగ చెదిరిపోయి పని చేయదు, ఆలస్యం చేసినా అంతే. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసమే కొవ్వొత్తి మీద వరుసగా ఉపన్యాసాలిచ్చారు. ఇది టీచర్ చేసి చూపేదే, పిల్లల చేతికిచ్చేది కాదు.

వంట గ్యాసు గురించి కూడా అడుగుతారు. 14.2 కిలోల సిలిండర్‌లో ఎక్కువ భాగం ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది, బయటికి వచ్చేటప్పుడే వాయువవుతుంది. పెద్దవాళ్లు సిలిండర్‌ను మోసేటప్పుడు లోపల తొణికే చప్పుడు వినమని చెప్పండి చాలు, ఇంట్లో కదిపి చూడమని మాత్రం చెప్పకండి.

చిట్టి ప్రయోగాలు:

ఫుట్‌బాల్ సంగతి బాగా చెప్పారు సార్, బెలూన్ల తూకం నా జాబితాలోంచి తీసేస్తున్నాను.

ఇంకా ఎవరూ చెప్పనిది, ఉత్పతనం (ఘనం ద్రవం కాకుండా నేరుగా వాయువు కావడం) చూపడానికి కలరా ఉండలు, కర్పూరం చిన్న తరగతుల్లోకి తేవద్దు. తెల్లగా మిఠాయిలా ఉంటాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. కర్పూరం మింగితే ఫిట్స్ రావచ్చు. కలరా ఉండలు కొందరు పిల్లల్లో ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. అయిదో తరగతిలో చూపాలంటే టేపుతో మూసిన గాజు సీసాలో పెట్టి, సీసాను మీ బల్ల మీదే ఉంచండి. కొన్నాళ్లకు సీసా గోడల మీద మెరిసే స్ఫటికాలు కనబడతాయి.

టీచర్ గారూ, మీ బడిలో ఫ్రిజ్ లేనట్టుంది. మంచు దుకాణం నుంచో చేపల మార్కెట్ నుంచో తేవద్దు. ఎంత చెప్పినా పిల్లలు చప్పరిస్తారు, అది తాగే నీళ్లతో చేసిన మంచు కాదు. ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతో ముందు రాత్రి గడ్డకట్టించి, మూత బిగుతుగా పట్టే థర్మోకోల్ పెట్టెలో ఊకో పాత తువ్వాలో చుట్టి తీసుకెళ్లండి. చిన్న ముక్కలు త్వరగా కరుగుతాయి కాబట్టి అర లీటరు డబ్బాల్లో పెద్ద గడ్డలుగా చేసి, బడికి వెళ్లాక శుభ్రమైన గుడ్డలో కట్టి పగలగొట్టండి. మంచు పొడి, పెద్ద ముక్క పోటీకి అవే పనికొస్తాయి. ఒకే సైజు ముక్కలు కావాల్సిన ఉన్ని గుడ్డ, ఊక పోటీకి మాత్రం ట్రే ముక్కలు ఒక డజను జిప్ కవరులో వేసి, పెద్ద గడ్డల మధ్య ఇరికించి తెచ్చుకోండి, రెండో పీరియడ్ దాకా నిలుస్తాయి.